వెలుగూ, ముక్క పరీక్షా

ఫిబ్రవరి 6
పిండ్‌బోర్గ్ బృందం 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో రాసిన వ్యాసం మళ్ళీ చదివాను. ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది పల్లెవాసుల అంగిళ్ళు చూసి రాసినది. విషయం అడ్డపొగ. చుట్ట నిప్పుకొసను నోట్లో పెట్టుకుని పీల్చడం, ఉత్తరాంధ్రలో ఎక్కువగా ఆడవాళ్ళ అలవాటు. మిగతా చోట్ల నోటి క్యాన్సర్ ఎక్కువగా నాలుకకో బుగ్గకో వస్తే, వీళ్ళకు అంగిట్లో వస్తుంది. ఎవరికి వాళ్ళు చూసుకోలేని చోటు అది.

ఫిబ్రవరి 9
అలాంటి చోటును చూడటానికి ఒక పరికరం ఉంది. నోట్లో నీలి కాంతి వేసి ఫిల్టర్‌లోంచి చూస్తే ఆరోగ్యంగా ఉన్న పొర లేత ఆకుపచ్చగా మెరుస్తుంది. ఆ మెరుపులో ఎక్కువ భాగం పొర కింది కొల్లాజెన్‌ది. కణాలు చెడడం మొదలైతే కొల్లాజెన్ అల్లిక తెగుతుంది, పెరిగిన రక్తనాళాలు కాంతిని మింగేస్తాయి. అక్కడ ఆకుపచ్చ పోయి నల్లమచ్చ మిగులుతుంది. మందు పూసే పని లేదు, సూది గుచ్చే పని లేదు.

ఫిబ్రవరి 13
శిబిరంలో ఒక మామ్మ. ఏళ్ళ తరబడి అడ్డపొగ. నీలి కాంతిలో తీసిన తన అంగిలి బొమ్మను ఫోన్‌లో చూసి, "ఏటి బాబూ, ఇంత నల్లగుందేటి?" అంది. "నలుపంతా జబ్బు కాదు మామ్మా," అన్నాను. పొగకు పేరుకున్న మెలనిన్ కూడా నీలి కాంతిలో నల్లగానే కనిపిస్తుంది. వాపూ అంతే. గాజు పలకతో నొక్కినప్పుడు ఆకుపచ్చ తిరిగొస్తే వాపని అనుమానించాలి, రెండు వారాలకు మళ్ళీ చూడాలి. మెలనిన్ మాత్రం నొక్కితే పోదు. ఎక్కువ అవసరమైన అంగిట్లోనే ఈ పరికరానికి ఎక్కువ తికమక.

ఫిబ్రవరి 17
మరో కాంతి పరికరం ఓసీటీ (ఆప్టికల్ కొహెరెన్స్ టోమోగ్రఫీ): పరారుణ కాంతితో మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల లోతు వరకు పొరల నిలువుకోత బొమ్మ. పైపొరకూ కింది కణజాలానికీ మధ్య గీత స్పష్టంగా ఉందా, చెదిరిందా? చూడవలసింది ఆ గీతనే.

ఫిబ్రవరి 28
1928లో ఇదే రోజు కలకత్తాలో రామన్ ఎఫెక్ట్ బయటపడింది. నవీ ముంబైలోని క్యాన్సర్ పరిశోధన కేంద్రం ఆక్ట్రెక్‌లో అదే సూత్రంతో, చెదిరిన కాంతిని బట్టి, నోటి కణజాలాన్ని పరీక్షించారు. మామూలు బుగ్గపొర సంకేతంలో కొవ్వుల గుర్తులు బలంగా ఉంటాయి, కణితిలో ప్రొటీన్లవి. ఈ దేశంలో పుట్టిన శాస్త్రం ఈ దేశాన్ని పీడించే జబ్బు మీద పనిచేస్తుంటే నాకు సంతోషంగా ఉంది.

మార్చి 5
కంటికి కనిపిస్తున్న అనుమానపు మచ్చను తేల్చడానికి నీలి కాంతి లాంటి పరికరాలు వద్దని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2017లో చెప్పింది. ముక్క పరీక్షే (బయాప్సీ) చేయమంది. నాకది సబబే అనిపిస్తుంది. మచ్చ ఎదురుగా ఉన్నప్పుడు వెలుగు వేసి "బాగానే ఉంది" అని ఇంటికి పంపడం ప్రమాదం. ముక్క ఎక్కడ తీయాలో వెతకడానికి, ఊళ్ళో తీసిన బొమ్మను దూరపు నిపుణుడికి చూపించడానికి వెలుగు పనికొస్తుంది. తీర్పు మాత్రం మైక్రోస్కోప్‌దే.

మార్చి 11
తిరువనంతపురం అధ్యయనం, లాన్సెట్, 2005. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి నోళ్ళు తెరిపించి కంటితోనే చూశారు. పొగాకో మద్యమో, రెండూనో అలవాటున్నవాళ్ళలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. అందుకే అడ్డపొగ పల్లెలకు నేను మొదట అడిగేవి మూడు: అంగిలి చూడటం నేర్చిన కార్యకర్తను, ముక్క తీసే డాక్టరును, ఆసుపత్రికి వెళ్ళే దారిఖర్చును. ఆ మూడూ ఉన్న ఊళ్ళో నీలి కాంతి కార్యకర్త చూపుకు పదును పెడుతుంది. అవి లేని ఊళ్ళో ఎంత మంచి బొమ్మ తీసినా ఆ మామ్మకు వైద్యం అందదు.