రెండు వందల రూపాయల మీటరు

మడకశిరలో వాన ఎప్పుడు వచ్చునో ఎవరూ చెప్పలేరు గాని, కొరియరు పొట్లం ఏ దినమున వచ్చునో చేతిలోని ఫోను ముందుగానే చెబుతుంది. 2022 ఏప్రిల్‌లో మా ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. అయినను మా పెద్దలు చిరునామాలో ఇంకా అనంతపురం అనియే వ్రాస్తారు. పొట్లం ఎలాగో వచ్చి చేరుతూనే ఉన్నది.

ఈ సౌకర్యాన్ని నేను నిందించబోవడం లేదు. నాలుగు రెసిస్టర్లు, ఒక సోల్డరింగు కడ్డీ కావలెనంటే ఒకప్పుడు హిందూపురం పోవలెను. అక్కడ దొరకకుంటే బెంగుళూరు సర్దార్ పత్రప్ప రోడ్డుకు పోవలెను. ఒక దినము, రాకపోకల బస్సు ఛార్జీ, మధ్యాహ్న భోజనము కలిపితే వస్తువు కంటె ప్రయాణమే ఖరీదు. మా వంటి వారి పిల్లలకు ఎలక్ట్రానిక్స్ మీద ఆసక్తి ఉన్నా అది పుస్తకములోనే ఉండిపోయేది. ఇప్పుడు ఇంటి గడప వద్దనే లభిస్తున్నవి గదా అని నేనెంత సంతోషించానో నాకే తెలుసు.

మా దాదాజాన్ మాత్రం సంతోషించలేదు. 1970ల ప్రాంతంలో ఆయన పత్రికలో ప్రకటన చూచి వి.పి.పి. పద్ధతిన ఒక ట్రాన్సిస్టరు తెప్పించారు. ఆ పద్ధతిలో పోస్టుమాన్ చేతికి సొమ్ము చెల్లించిన తరువాతనే పొట్లం విప్పవలెను. రేడియోకు తపాలా కార్యాలయంలో లైసెన్సు తీసుకొనవలసిన రోజులవి. ఆయన లైసెన్సు రుసుము కూడ చెల్లించి పెట్టె విప్పితే, ఆ యంత్రము రాత్రి పది దాటితే గాని గొంతు విప్పేది కాదట. అమ్మినవారికి మూడు జాబులు వ్రాశారు. ఒక్కదానికీ జవాబు లేదు. వినియోగదారుల రక్షణ చట్టము 1986లో గాని రాలేదు కనుక, ఆ పైన ఎవరికి వ్రాయవలెనో కూడ ఆయనకు తెలియదు. “కంటితో చూడని సరుకు, చేతితో తాకని సరుకు మనది కాదు బేటా” అనేవారు. నేను నవ్వేవాడిని.

నా కొనుగోళ్లలో చిల్లర నష్టాలు చాలా ఉన్నవి. ఐదవ దినమునకే మొన ఊడిన సోల్డరింగు కడ్డీ ఒకటి. 512 జీబీ అని వ్రాసి ఉన్న పెన్ డ్రైవు మరొకటి. దాని లోపలి చిప్పు కంప్యూటరుకు అబద్ధం చెప్పేలా చేయబడి ఉంటుంది. నిజముగా ఉన్న కొద్దిపాటి చోటు నిండిన తరువాత వచ్చినవన్నీ పేర్లు మాత్రం చూపి లోపల ఖాళీగా ఉంటవి. మా ఆపా నికాహ్ ఛాయాచిత్రాలలో సగం ఆ విధంగానే పోయినవి. ఆపా నన్ను క్షమించినది. కాబట్టి ఆ సంగతి ఇంతటితో చాలు.

చెప్పవలసినది మీటరు సంగతి.

మా అబ్బాజాన్ బోరు మోటార్లకు వైండింగు కట్టే పని చేస్తారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రతికే ఈ సీమలో వేరుశనగ ఆకాశం మీద, మల్బరీ బోరు మీద ఆధారపడి ఉన్నవి; బోరు మోటారు మీద, మోటారు మా అబ్బాజాన్ వేళ్ల మీద ఆధారపడి ఉన్నవని నేను గర్వంగా అనుకొనేవాడిని. కరెంటు పరీక్షకు ఆయన వద్ద ఉన్నది రెండు బల్బులు మాత్రమే. రెండు ఫేజుల నడుమ 415 వోల్టులు ఉండును గనుక, 230 వోల్టుల బల్బులు రెండింటిని వరుసగా కలిపి, రెండు తీగలు వదిలిన సాధనం. అది వెలిగితే ఫేజులున్నట్లు, లేకుంటే లేనట్లు. డిగ్రీలో ఎలక్ట్రానిక్స్ చదువుతున్న నాకు ఆ బల్బులు చూస్తే చిన్నతనంగా ఉండేది.

అందుచేత 199 రూపాయలకు ఒక డిజిటల్ మల్టీమీటరు తెప్పించాను. ప్రయోగశాలలో కళాశాల మీటరుతో పోల్చి చూడగా, ఐదు వోల్టుల వద్ద 4.98 చూపినది. నా ఆనందానికి మేర లేదు. ఆ సాయంత్రమే అమ్మకపు పుటలో ఐదు నక్షత్రాలు ఇచ్చి, “ఖరీదైన మీటర్లకు ఏమాత్రం తీసిపోదు” అని వ్రాశాను. మీటరు మీద 600 వోల్టులు, మూడవ కేటగిరీ అని అచ్చు వేసి ఉన్నది. నేను దానిని నమ్మాను.

రెండేళ్ల క్రితం వేసవిలో ఒక రైతు వచ్చి, “ఏం సాయిబూ, మోటారు మూలుగుతాంది గానీ తిరగలేదే, ఆకు ఎండిపోతాంది” అన్నాడు. ఒక ఫేజు పోయి ఉండవచ్చునని అబ్బాజాన్ బల్బులు తీసుకున్నారు. “అవి ఎందుకు అబ్బాజాన్, ఇది వోల్టులు లెక్కతో సహా చెబుతుంది” అని నేను మీటరు పట్టుకొని వెంట పోయాను. చేనిలో స్టార్టరు పెట్టె తెరిచారు. నేను మీటరు మీటను 750 వోల్టుల వద్దకు త్రిప్పి, అంకెలు చదువుటకు సిద్ధంగా నిలిచాను. రెండు కడ్డీలు ఆయన చేతిలో ఉన్నవి.

ఆ ఉదయం నేను సోలారు దీపం బ్యాటరీ నుండి ఎంత కరెంటు పోవుచున్నదో కొలిచి, ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలోనే వదలిపెట్టాను. తీగ ఆ రంధ్రంలో ఉన్నప్పుడు మీట ఎక్కడ ఉన్నా ఒకటే. లోపల ఉండునది లావుపాటి లోహపు తునక ఒక్కటి. అనగా రెండు ఫేజులను చేతులారా కలిపినట్లే. కళ్లు చెదిరే మెరుపు, తుపాకీ ప్రేలినట్లు శబ్దము. కడ్డీల మొనలు కరిగిపోయినవి. అబ్బాజాన్ కుడి చేతి బొటనవ్రేలు, చూపుడువ్రేలు నల్లబడినవి. రైతు పరుగున తెచ్చిన కుండలోని నీరు ఆయన చేతిమీద పోస్తూ నేను ఏడ్చినది జ్ఞాపకం. ఆయన మాత్రం, “నీ కళ్లకేమీ కాలేదు కదా?” అని అడిగారు.

మూడు వారాలు వైండింగు లేదు. సన్నని రాగి తీగను గాడులలో చుట్టుటకు ఆ రెండు వ్రేళ్లే ముఖ్యం.

ఆ రాత్రి మీటరు విప్పి చూచాను. 10 ఆంపియర్ల దారిలో ఫ్యూజు లేదు. రంధ్రం ప్రక్కన ఫ్యూజు లేదని ఆంగ్లంలో చీమ తల వంటి అక్షరాలతో వ్రాసి కూడ ఉన్నది, నేను చదువలేదు. రెండవ దారిలో చిన్న గాజు ఫ్యూజు, అది 250 వోల్టులకు సరిపోవునది. కేటగిరీ అనునది వోల్టుల లెక్క మాత్రమే గాదు. సరఫరా తీగల మీద హఠాత్తుగా వచ్చే పోటును తట్టుకొనే శక్తికి అది గుర్తు. అందుకై మేలైన మీటర్లలో ఇసుక నింపిన పింగాణీ ఫ్యూజులు వేస్తారు. అవి పెద్ద కరెంటును పగలకుండా త్రుంచగలవు. అటువంటిది ఉండి ఉంటే నా తప్పుకు ఒక ఫ్యూజు ఖరీదుతో సరిపోయేది. 4.98 అని చూపిన నాడు ఆ మీటరు అబద్ధం చెప్పలేదు. నేను అడుగవలసిన ప్రశ్న అది కాదు.

ఫిర్యాదు చేయుటకు కూర్చున్నాను. తిరిగి పంపే గడువు ఏనాడో దాటినది. 2019 చట్టం ప్రకారం మనము నివసించే జిల్లాలోనే కమిషను ఎదుట ఫిర్యాదు చేయవచ్చును. 2020 నియమాల ప్రకారం ఆన్‌లైను సంస్థ ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెల లోపల పరిష్కరించవలెను. 1915 నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చును. దాదాజాన్‌కు లేని దారులు నాకు ఇన్ని ఉన్నవి. అబ్బాజాన్ అంతా విని, “తీగ ఏ రంధ్రంలో ఉన్నదని వారు అడిగితే ఏమి చెబుతావు?” అన్నారు. ఉన్నది ఉన్నట్లే వ్రాశాను, నా పొరపాటుతో సహా. 199 రూపాయలు తిరిగి వచ్చినవి. చేతి సంగతి గురించి జవాబులో ఒక్క మాటయు లేదు. ఆ మాటకై కమిషను దాకా పోవుటకు అబ్బాజాన్ ఒప్పుకోలేదు. ఇది సరియో కాదో నాకు ఇప్పటికీ తేలలేదు.

తరువాత, నేను ఇచ్చిన ఐదు నక్షత్రాలను తీసివేయుదమని పోగా, ఆ పుటలో మీటరే లేదు. అదే పుటలో ఇప్పుడు చెవిలో పెట్టుకొనే ఇయర్‌ఫోన్లు అమ్ముచున్నారు. క్రింద నా పొగడ్త మాత్రం చెక్కుచెదరలేదు. దానిని తొలగించాను. ఈలోగా దానిని నమ్మి ఆ మీటరును ఎవరు కొన్నారో, ఎవరి స్టార్టరు పెట్టెలో పెట్టారో!

మన కళాశాల కమిటీ వారికి ఒక చిన్న విన్నపం. భౌతికశాస్త్ర ప్రయోగశాలను వారానికి ఒక గంట తెరిచి, అధ్యాపకుల సమక్షంలో విద్యార్థులు తాము కొన్న పరికరాలను విప్పి చూచుకొనే ఏర్పాటు చేయగలరని ఆశిస్తున్నాను. ఖర్చు లేదు, స్క్రూడ్రైవర్లు మేమే తెచ్చుకొంటాము.

అబ్బాజాన్ వ్రేళ్లు మానినవి గాని చూపుడువ్రేలి కొస మొద్దుబారినది. ఈ ఏడు బెంగుళూరు పోయి, ఇద్దరమూ చూచి, ఫ్యూజు మూత తీయించి చూచి, ఒక మంచి మీటరు కొన్నాము. ఆయన దానిని వాడుతారు. అయితే కడ్డీలు పట్టుకొనే ముందు ప్రతిసారీ నా వంక తిరిగి, “ఎర్ర తీగ ఎక్కడున్నది?” అని అడుగుతారు. నేను వంగి చూచి చెబుతాను.