చిక్కుడు కుటుంబం

2024 డిసెంబరు 3

మాత్ర వేసుకున్న టైము, ఒళ్లు తేలికపడ్డ టైము, మళ్లీ బిగుసుకున్న టైము. ఇవన్నీ రాసి చూపించమన్నారు డాక్టరు గారు. ముందు పేజీల్లో అవి. వెనక నుంచి నావి. మా ఆయన ముందు పేజీలే చూస్తారు.

పార్కిన్సన్ జబ్బుకి సిండోపా 110. అర మాత్ర, మూడు పూటలా. భోజనానికి అరగంట ముందు. పప్పుతో కలిస్తే సరిగ్గా ఒంటికి పట్టదట. మాంసకృత్తులకీ దీనికీ పేగులోంచి లోపలికి పోయే దారి ఒకటే.

పప్పన్నం లేని పూట ఏది మా ఇంట్లో?

డిసెంబరు 19

ధనుర్మాసం. పదిహేను చుక్కల ముగ్గు. మొదటి వరస బాగానే పడింది. మూడో వరసకి చుక్కలు దగ్గరికొచ్చేశాయి. తరవాతి వరసల్లో వేలు పట్టే ఎడం లేదు.

చెయ్యి మాత్రం వణకలేదు. ముగ్గు పట్టినంతసేపూ నిమ్మళంగానే ఉంటుంది. తీసుకొచ్చి ఒళ్లో పెట్టుకున్నానా, బొటనవేలూ చూపుడువేలూ కలిసి ఏదో నలుపుతూ ఉంటాయి. నన్నడక్కుండా.

పనిమనిషి సూరమ్మ చూసి, "ఏటమ్మా, ఈయేడు ముగ్గు ముడుసుకుపోనాది" అంది.

ముగ్గొక్కటేనా. ఈ పేజీ మొదటి వరసా, ఈ వరసా పక్కపక్కన పెట్టి చూస్తే...

2025 జనవరి 6

పోపు మాడింది. పెరట్లోంచి పరిగెత్తుకొచ్చింది సూరమ్మ. "ఇంగువ కంపు ఈదంతా కొడతంది. నీకు తెల్నేదేటి?"

తెలీలేదు. ఎప్పటినుంచి తెలియడం లేదో అదీ తెలీదు. నేను బోటనీ చెప్పిన కాలేజీ లాబ్‌లో లవంగనూనె సీసా మూత తీస్తే పిల్లలు అబ్బా అనేవారు. నాకేమీ అనిపించేది కాదు. రోజూ పీల్చి అలవాటైపోయిందనుకునేవాళ్లం.

రాత్రి మేనకోడలు సుధకి ఫోన్ చేశాను. ముక్కే ముందు పోతుంది అత్తా, అంది. మలబద్ధకం కూడా. నిద్రలో అరవడం, తన్నడం. పక్కనే ఈయన వింటున్నారు. "ఏళ్ల తరబడి ఎవర్నో తరుముతూనే ఉన్నావు. నేను గోడవేపు జరిగి పడుకునేవాణ్ణి." నాతో ఒక్కసారీ అనలేదు.

బ్రాక్ అని ఒక జర్మన్ శాస్త్రవేత్త. 2003లో అన్నాడట, ఇది మెదడు నడిమధ్యలో మొదలయ్యే జబ్బు కాదు, ముక్కు దగ్గరో పేగులోనో మొదలై పైకి ఎక్కుతుందని. పేగు నుంచైతే వేగస్ నరం వెంట. డెన్మార్క్‌లో కడుపులో పుండ్లకి ఆ నరం పూర్తిగా కోయించుకున్నవాళ్ల లెక్కలు తీస్తే, వాళ్లలో ఈ జబ్బు కాస్త తక్కువగా కనిపించింది. అందరిలో అదే దారి అని మాత్రం అనుకోకు, అని కూడా అంది.

నాకు ఏ దారి?

జనవరి 16

ముక్కనుమ. వదిన వచ్చింది. "మన ఇళ్లల్లో ఎవరికీ లేదే ఇది. ఎవరి ఉసురు తగిలిందో ఏమో." అరిసె నోట్లో ఉండగానే.

కూతురు సుధ ఈ జబ్బు మీదే పరిశోధన చేస్తోంది. తల్లి ఉసురు లెక్క చూస్తోంది. నేను ఇంకో అరిసె వేశాను.

ఫిబ్రవరి 9

సుధ వీడియో. గాజు గొట్టాలు రెండు, వాటిలో పళ్ల ఈగలు. బల్లకేసి టకటకా కొడితే అన్నీ అడుక్కి పడతాయి. మామూలువి లేచి గోడ పట్టుకుని పైకి పోతాయి. ఎడమ గొట్టంలోవి పింక్1 జన్యువు తీసేసినవి. కొన్ని అసలు లేవలేదు. ఒకటి అంగుళం ఎక్కి, రెక్కలు అదోలా పైకెత్తి పట్టుకుని, అక్కడే ఉండిపోయింది. గీత దాటినవెన్ని, దాటనివెన్ని. అదీ దాని రోజువారీ పని.

కాలేజీలో ఈ ఈగ, డ్రోసోఫిలా, జువాలజీ వాళ్ల సొత్తు, వరండాకి అవతల. మెండెల్ బఠానీలు మా బోటనీవి. మాగిన అరటిపండు ఉంటే వాళ్ల ఈగలు మా గదిలోకీ వచ్చేవి. అట్టముక్కతో తోలేవాళ్లం.

ఆ అంగుళం ఎక్కిన ఈగని మళ్లీ మళ్లీ చూశాను. దానికి ఎక్కాలని ఉందా?

మార్చి 16

సుధ గొంతులో పండగ. పింక్1 ప్రోటీన్ మైటోకాండ్రియా మీద కూచున్నది కూచున్నట్టుగా మెల్‌బోర్న్ వాళ్లు బొమ్మ కట్టారట. ఈ జన్యువుకీ జబ్బుకీ చుట్టరికం 2004లోనే తెలుసు. ముఖం చూడ్డానికి ఇరవై ఏళ్లు.

మైటోకాండ్రియా బాగుంటే పింక్1 లోపలికి పోయి ముక్కలైపోతుంది. పాడైతే లోపలికి పోలేదు. పైనే పేరుకుని, పార్కిన్ అనే ఇంకోదాన్ని పిలుస్తుంది. మునిసిపాలిటీ వాళ్లు కూలగొట్టే ఇంటిమీద ఎర్రరంగు గుర్తు వేసినట్టు, పాడైనదానికి గుర్తు పడుతుంది. గుర్తు పడకపోతే పాడైనది కణంలోనే ఉండిపోతుంది.

"మరి నాకు ఆ గుర్తు వెయ్యడం రావట్లేదా?"

"ఆ లోపం ఎక్కువగా చిన్నవయసులో వచ్చేవాళ్లకి అత్తా. నీది అది కాదు, అనుకుంటా."

అనుకుంటా. ఆ మాట హాయిగా ఉంది. వాళ్లమ్మ నోట ఎప్పుడూ వినలేదు.

మార్చి 30

ఉగాది. ఆరు రుచులూ నాలిక్కి తెలిశాయి. మామిడి జీడి వాసన లేదు, వేపపూత వాసన లేదు.

వంటింటి గడప దగ్గర కాళ్లు ఆగిపోయాయి. చేతిలో గిన్నె. వెనక ఈయన, ఏమిటి ఆగావు అని. ఏమని చెప్పను?

ఏప్రిల్ 11

పార్కిన్సన్ పుట్టినరోజట. 1817లో రాసిన చిన్న పుస్తకం ఆయనది. మొత్తం ఆరుగురు రోగులు. వాళ్లలో కొందరు లండన్ వీధిలో నడిచిపోతుంటే చూసి రాసుకున్నవాళ్లే. నాడి కూడా పట్టుకోలేదు.

మా ఊరి గంటస్తంభం దగ్గర నన్ను చూసి ఎవరేం రాసుకుంటున్నారో.

ఏప్రిల్ 22

క్యోటో వార్త. మూలకణాల నుంచి పెంచిన కణాలని ఏడుగురి మెదళ్లలో పెట్టారు. రెండేళ్లు చూశారు. మందు ప్రభావం లేని వేళ ఆరుగుర్ని పరీక్షిస్తే, నలుగురికి కదలిక మెరుగైంది. ఈయన పేపరు కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించారు.

సుధ ఇంకోటి కూడా చెప్పింది, నేను అడిగితేనే. వెనకటి రోజుల్లో పిండాల నుంచి తీసిన కణాలు పెట్టేవారు. అలా పెట్టించుకున్నవాళ్లు పదేళ్లు పైబడి బతికి పోయాక, 2008లో ఆ మెదళ్లు కోసి చూశారు. తరవాత పెట్టిన లేత కణాల్లోనూ ఈ జబ్బుకి గుర్తైన ప్రోటీన్ ముద్దలు, లూయీ ముద్దలు. పక్క కణాల నుంచి పాకినట్టున్నాయి.

ఇది ఫ్రిజ్ మీద అంటించలేదు.

మే 18

ఎండ దంచేస్తోంది. కరెంటు లేదు. పాత ఎకనామిక్ బోటనీ నోట్సు తీశాను.

దూలగొండి. పెద్దచెరువు గట్టున కంపల మీద పాకేది. కాయ మీద గోధుమరంగు నూగు. చిన్నప్పుడు అన్నయ్య నా జాకెట్టు వీపులో ఆ నూగు వేశాడు, పేడ పూసుకుని కూచున్నాను. ఆ గింజల్లోంచి 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి లెవోడోపా తీశారు. దానికంటే ముందే, 1913లో, గుగ్గెన్‌హైమ్ అనే స్విస్ రసాయన శాస్త్రవేత్త ఒకరకం చిక్కుడులోంచి తీసి, ఎలా ఉంటుందోనని తానే మింగి, వాంతి చేసుకున్నాడు. ఎందుకు పనికొస్తుందో అప్పటికి ఎవరికీ తెలీదు.

నా మాత్ర అదే. చిక్కుడు కుటుంబం.

రెండు పేజీల తరవాత డెర్రిస్. వేళ్లలో రోటెనోన్. చేపల్ని మత్తెక్కించడానికి, పురుగుల్ని చంపడానికి. నా దస్తూరీతోనే ఉంది, 'మనుషులకు అంతగా హాని లేదు' అని. 2000లో ఎలుకలకి అదే ఎక్కించి చూస్తే ఈ జబ్బు ముఖ్య లక్షణాలు వచ్చాయి. మైటోకాండ్రియాలో ఊపిరి తీసుకునే పనిలో మొదటి మెట్టుని పట్టి ఆపేస్తుందట. డెర్రిస్ కూడా చిక్కుడు కుటుంబమే.

ఇక సర్పగంధి. దాంట్లోంచి తీసిన రెసర్పిన్‌ని కార్ల్‌సన్ కుందేళ్లకి ఇచ్చాడు, చెవులు వాల్చి కదలకుండా పడున్నాయి. డోపా ఇస్తే లేచాయి. 1957. డోపమైన్ సంగతి అలా బయటపడింది. అదొక్కటీ గన్నేరు కుటుంబం.

ఈ మూడు మొక్కలూ బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను ఏటేటా. కుటుంబం, ఉపయోగపడే భాగం, ఉపయోగం. అయిదు మార్కుల ప్రశ్న.

జూన్ 22

వదిన పొట్లం తెచ్చింది. దూలగొండి చూర్ణం. "ఈ ఇంగ్లీషు మందులు మానేసి ఇది పుచ్చుకో."

అదీ ఇదీ ఒకటే వదినా అంటే నమ్మదు. 110 అంటే లెవోడోపా 100 మిల్లీగ్రాములు, కార్బిడోపా 10. ఆ పది, మందు మెదడు చేరకముందే దారిలో డోపమైన్‌గా మారిపోకుండా కాపలా. గుగ్గెన్‌హైమ్‌కి కాపలా లేదు, కడుపు తిప్పింది. పొట్లంలో చెంచాకి ఎంత ఉందో ఎవరు చెప్తారు? డాక్టరు గారు రెండూ కలపొద్దని గట్టిగా చెప్పారు.

పారెయ్యలేదు. వాసన చూశాను, తెలీదని తెలిసీ.

జులై 13

లూయీ ముద్ద. అందులో ఉండేది సిన్యూక్లిన్, 140 అమైనో ఆమ్లాల ప్రోటీన్. 1997లో తెలిసింది. మడత తప్పింది ఒకటి పక్కదాని మడతా తప్పిస్తుంది, అది ఇంకోదాన్ని. సరే, ఆ ప్రోటీన్‌ని పట్టే మందిస్తే? ఇచ్చారు. రెండు యాంటీబాడీలు. 2022లో ఫలితాలొచ్చాయి, అనుకున్నది జరగలేదు.

ముద్ద కణాన్ని చంపుతోందా, చంపేదాన్ని మూటగట్టి పక్కన పెడుతోందా? సుధ ల్యాబ్‌లోనే ఇద్దరు దీనిమీద మాట్లాడుకోవడం మానేశారట. నవ్వొచ్చింది. మా డిపార్ట్‌మెంట్‌లో ఇంక్రిమెంట్ల మీద మానేసేవాళ్లం.

నవ్వు ముఖం మీద రాలేదని ఈయన అన్నారు. ఏం, నవ్వకూడదా అన్నారు. నవ్వాను కదా?

ఆగస్టు 3

మెదడులో ఇన్ని కణాలుండగా డోపమైన్ చేసే కణాలే పోవడం ఎందుకు? ఇవాళ అడిగాను.

మధ్యమెదడులో నల్లటి పట్టీ. అక్కడి కణం ఎవరూ తట్టి లేపకుండానే, పగలూ రాత్రీ, తనంత తాను మోగుతూనే ఉంటుంది. ఒక్కో కణం కొమ్మలు వేసి పది లక్షలకి పైగా సంధుల్ని పోషిస్తుందని అంచనా. దానికి కావలసిన శక్తి చాలావరకు మైటోకాండ్రియా నుంచే. వణుకు కనిపించేసరికి సుమారు సగం పోయి ఉంటాయి.

1982లో కాలిఫోర్నియాలో దొంగ హెరాయిన్ ఎక్కించుకున్న కుర్రాళ్లు రోజుల్లోనే కొయ్యబారిపోయారు. లాంగ్‌స్టన్ అనే డాక్టరు వెంటపడి పట్టుకున్నాడు, ఎంపీటీపీ అనే మలినం. అది ఒంట్లో మారిన రూపం ఏరికోరి ఈ కణాల్లోకే దూరి, రోటెనోన్ పట్టిన మెట్టునే పట్టింది.

గడ్డిమందు పారాక్వాట్ దానికి రూపులో దగ్గర చుట్టం. నాన్న గట్ల మీద కొట్టించేవారు. ఆ బావి నీళ్లే తాగాం. సుధకి చెబితే కాసేపు మాట్లాడలేదు. "గుంపుల లెక్కల్లో సంబంధం కనిపిస్తుంది అత్తా. ఒక మనిషిని చూపించి ఇదే కారణమనలేం."

అన్నయ్య కూడా ఆ నీళ్లే తాగాడు. డెబ్భై దాటాడు, స్కూటర్ నడుపుతాడు.

అక్టోబరు 7

అమ్మవారి సిరిమాను సంబరం. వెళ్లలేదు. ఆ జనంలో కాళ్లు ఆగిపోతే ఎవరు ఆగుతారు. టీవీలో దణ్ణం పెట్టుకున్నాను.

ఈయన హాలు నిండా సుద్దముక్కతో అడ్డగీతలు గీశారు, అడుగు ఎడంగా. నడువు అంటే నడవని కాలు, గీత దాటు అంటే దాటుతుంది! మనంతట మనం కదిలే దారి వేరు, కంటితో చూసి కదిలే దారి వేరు. రెండోది ఇంకా తెరిచే ఉంది. వంటింటి దాకా గబగబా వెళ్లాను. గీతలు అయిపోయిన చోట ఆగాను.

సూరమ్మ తడిగుడ్డ పెట్టబోతే ఈయన అరిచారు. పాపం, దానికేం తెలుసు.

రూళ్ల పుస్తకం తెప్పించాలి. గీతలుంటే అక్షరం పెద్దదవుతుందేమో.

నవంబరు 12

మెదడు తెరిచి చూస్తేగాని ఖాయం కాదనేవారు ఒకప్పుడు. ఇప్పుడు వెన్నులోంచి నీరు తీసి, మడత తప్పిన సిన్యూక్లిన్ ఉందో లేదో చూడొచ్చు. 2023లో పెద్ద అధ్యయనం వచ్చింది. రోగుల్లో నూటికి దాదాపు ఎనభై ఎనిమిది మందిని పట్టుకుంది.

తెరిచి చూడాల్సిన అవసరం మాత్రం పోలేదట. బెంగుళూరు నిమ్హాన్స్‌లో మెదళ్ల బ్యాంకు ఉంది. పోయిన కొద్ది గంటల్లో తియ్యాలి. విజయనగరం నుంచి ఎలా కుదురుతుంది?

అడిగాను, అంతే. సుధ జవాబు చెప్పి, ఇంకేదో మాట్లాడేసింది. ఈయనకి చెప్పలేదు.

డిసెంబరు 21

సుధ ఫోన్. ఇన్నాళ్లూ ఈగలకి మేతలో కలిపి పెట్టిన మందు పనిచెయ్యలేదు. తిన్నవీ తిననివీ ఒకే ఎత్తు ఎక్కాయి. అయితే అదే రాయి, అన్నాను. "రాస్తా అత్తా. పనిచెయ్యలేదన్నది వేసుకునే పత్రికలు తక్కువ." కొత్త సంవత్సరంలో ఇంకో మందుతో మొదలుపెడుతుంది. ఈగల్ని మళ్లీ మొదటినుంచీ పెంచుకోవాలి.

ఇంతకీ అత్తకి ఎందుకొచ్చిందో తేలిందా అని అడుగుతోందట వాళ్లమ్మ. తేలలేదని చెప్పమన్నాను. ఉసురు సంగతి కూడా తేలలేదని చెప్పు, అన్నాను.

డాక్టరు గారు మోతాదు పెంచారు. ఇక అర మాత్రలు లేవు. పూర్తి మాత్ర, రోజుకి నాలుగు. ఉదయం 6, 11. సాయంత్రం 4. రాత్రి 9.