అది, ఇది, ఈమె

ఆంగ్ల వ్యాకరణమున మిక్కిలి చిన్న మాటలే మనలను మిక్కిలిగా బాధించును. అట్టి రెండు మాటలవలన నేను పొందిన యవమానమును, దానివలన గలిగిన మేలును ఇచ్చట విన్నవించుచున్నాను.

మాది పెదకాకాని. నేను ఎనిమిదవ తరగతి చదువుచుండగా 'మా గ్రామము' అను విషయముపై ఆంగ్లమున వ్యాసము వ్రాయవలసి వచ్చెను. 'దట్ ఈజ్ మై విలేజ్' అని ప్రారంభించి, మల్లేశ్వరస్వామి ఆలయమును, బాజీబాబా దర్గాను వర్ణించి, పిమ్మట మా కల్లములో తాలుకాయల నేరు కూలి స్త్రీని గూర్చి వ్రాసి, 'ఇట్ ఈజ్ వెరీ పూర్' అని ముగించితిని. మా యింట అందఱును ఆమెను 'అది' యనియే వ్యవహరించుచుండిరి. 'అది' యనగా 'ఇట్' అని నేర్చియుంటిని. ఇంకేమి కావలెను?

ఉపాధ్యాయులు రెండు మాటలక్రిందను గీతలు గీచి, "నాయనా! నీవు కాపురమున్న యూరు నీకు 'దట్' ఎట్లయినది? ఇచ్చట బీదతనము మిరపకాయకా, మనుష్యురాలికా?" అని యడిగిరి. తరగతి యంతయు నవ్వెను. వారు మాత్రము నవ్వలేదు. సుద్దముక్కను చేతబట్టి 'దిస్' అనిరి. కిటికీలోనుండి దూరపు చెట్టును చూపి 'దట్' అనిరి. ఇదివఱకే పేర్కొన్న వస్తువును మరల తలచునపుడు 'ఇట్' అనిరి. స్త్రీ యైనచో 'షీ' యే. తెలుగున 'అది' యను నొక్క మాట 'దట్', 'ఇట్', 'షీ' అను మూటికిని చెల్లుటచే మనకు భ్రమ కలుగునని బోధించిరి.

మన భాష తీరు విచిత్రమైనది. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరిగారు ఆ, ఈ, ఏ యను వానిని త్రికమనిరి. దూరమునకు ఒకటి, సమీపమునకు ఒకటి, ప్రశ్నకు ఒకటి. ఏకవచనమున 'అక్క వచ్చినది', 'ఆవు వచ్చినది' యని స్త్రీలు పశువులతో చేరుదురు. బహువచనమున 'అక్కలు వచ్చిరి', 'అన్నలు వచ్చిరి' యని పురుషులతో చేరుదురు. అయినను తప్పు భాషది కాదు. ఆమె, ఈమె యను గౌరవపు మాటలను గూడ అదియే మనకిచ్చినది. 'షీ' యను మాటకు దగ్గఱ, దూరము లేవు. మనకు రెండును గలవు.

పుస్తకమున 'ఇట్' కొట్టివేసి 'షీ' వ్రాయుటకు క్షణము పట్టినది. ఇంట మాట మార్చుకొనుట అంత సులభము కాలేదు. ఆ సాయంకాలము నేను కల్లమున ఆ స్త్రీచెంత నిలిచియుండగా, మా అమ్మ గడపలోనుండి "అది మంచినీళ్లు త్రాగినదా?" అని యడిగెను. "ఈమె యింకను త్రాగలేదమ్మా" అంటిని. నాలుక తడబడెను. అమ్మ నావంక చూచి, మాటాడక చెంబుతో నీళ్లు తెచ్చెను. ఆ స్త్రీయు తలయెత్తి చూచెను. ఆమె పే రేమియో అప్పటివఱకు నే నడిగి యెఱుగను. నాడే అడిగితిని.

సోదరులారా! 'దిస్', 'దట్' వ్రాయునపుడు వస్తువు ఎంత దూరమున నున్నదో చూడుడు. మనుష్యులను గూర్చి పలుకునపుడు వారిని మన మెంత దూరమున నుంచితిమో చూచుకొనుడు.