ఏడుగురు అన్నదమ్ముల చదువు

చదువరులకు ఒక దూరదేశపు కథ చెబుతాము. ఫిన్లాండులో ఎన్నో ఏండ్లు చదువుకున్నవారి భాష స్వీడిష్. ఫిన్నిష్ పల్లెవారి మాట. ఆ మాటలోనే అలెక్సిస్ కివి 1870లో ‘ఏడుగురు అన్నదమ్ములు’ అనే నవల వ్రాశాడు. ఫిన్నిష్‌లో తొలి గొప్ప నవల అదే.

ఆ రోజుల్లో చదవడం రానివారికి అక్కడి చర్చి పెండ్లి చేసేది కాదు. అక్షరం అబ్బని ఆ అన్నదమ్ములు, గురువు జుట్టు పట్టి లాగితే, కిటికీ దూకి పారిపోతారు. అడవిలో నానా అగచాట్లు పడి, చివరకు తామే పట్టుబట్టి చదువు నేర్చుకుంటారు.

ఆల్‌క్విస్టు అనే పండితుడు ఆ పుస్తకాన్ని తూర్పారబట్టాడు. కివి 1872లో, 38వ ఏట, పేదరికంలోనే పోయాడు. మన నరహరి గోపాలకృష్ణమ శెట్టిగారి ‘శ్రీరంగరాజ చరిత్ర’ వెలువడింది ఆ ఏడే. నేడు కివి పుట్టినరోజు, అక్టోబరు 10, ఫిన్నిష్ సాహిత్య దినం.

బెంగుళూరులో మాకు కన్నడం, ఇంగ్లీషు రెండూ అన్నం పెట్టే భాషలే. తెలుగు ఇంటి మాటగా మిగిలింది. ఊరినుంచి తాతగారు వ్రాసిన జాబు మా పిల్లలు చదవలేరు. మేమే చదివి వినిపించాలి. మా తరువాత ఎవరు చదువుతారు? ఇక్కడ జుట్టు లాగే గురువూ లేడు, పారిపోను అడవీ లేదు. పగలంతా ఆఫీసు కాగితాలు వ్రాసే మేము, రాత్రి పావుగంట అక్షరాలు దిద్దించలేమా? ఈ విజయదశమికి పలకలు కొంటున్నాము.