పైపూత

కొత్త వాహనాన్ని చూడగానే ఎవరైనా ముందుగా ప్రస్తావించేది దాని రంగునే. యంత్రం శక్తి ఎంతో, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు నడుస్తుందో తరువాత అడుగుతారు. "ఏ రంగు తీసుకొన్నారు?" అన్నది మొదటి ప్రశ్న. అయినా కొనేవారు అన్నిటికంటె తక్కువగా పరిశీలించేది కూడ ఆ రంగునే. అందుకు మన ఆచారాలు కొంత కారణం. మంచిరోజు చూచుకొని, వర్జ్యం లేని వేళ చూచుకొని బండిని ఇంటికి తెచ్చుకొంటాము. దసరానాడైతే షోరూం పెళ్లివారి విడిది వలె ఉంటుంది. చక్రాల కింద నిమ్మకాయలు, ముందుభాగాన పసుపు కుంకుమలు, పైన బంతిపూల దండ. పురోహితుడు తొందరపెడుతుంటాడు. పిల్లలు అప్పటికే లోపల కూర్చొని ఉంటారు. ఆ సమయంలో తలుపుమీద వేలితో రాసి చూచి, "ఇక్కడ నలుసున్నదయ్యా, ఈ బండి నాకు వద్దు" అనగల గృహస్థు ఎక్కడ ఉంటాడు? పైగా ఈ అప్పగింతలు చాలమటుకు సాయంకాలం దీపాల వెలుగులో జరుగుతాయి. ఆ వెలుగు నగలకూ కార్లకూ మేలు చేస్తుంది. కొనేవారికి మాత్రం చేయదు.

రంగును మనం అలంకారమనుకొంటాము. నిజానికి అది వాహనానికి చర్మం. ఇనుపరేకుకు గాలీ తేమా తగలకుండ కాపాడేది అదే. 1914 నుండి 1925 వరకు హెన్రీ ఫోర్డు తన 'మోడల్ టి' కార్లను నలుపురంగులో మాత్రమే తయారు చేయించాడు. ఆ రోజులలో ఇతర కార్లకు రంగు వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది. 1923లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ త్వరగా ఆరే ఒక లాకరును కార్లకోసం తెచ్చి, దానికి 'డ్యూకో' అని పేరు పెట్టింది. ఆ సంస్థ పేరు ఎన్నడూ వినని మన ఆటోనగర్ మేస్త్రీలు నేటికీ కారు రంగును డ్యూకో అనే అంటారు. మాటకు ఉన్న ఆయుస్సు రంగుకు లేదు.

ఇప్పటి కర్మాగారంలో కారుకు రంగు వేయడం ఒక పెద్ద క్రతువు. ముందుగా రేకు మీది జిడ్డును కడిగి, ఫాస్ఫేటు వంటి ద్రావణంలో శుద్ధి చేస్తారు. తరువాత కారు దేహాన్ని మొత్తంగా రంగునీటి తొట్టిలో ముంచి విద్యుత్తును ప్రవహింపజేస్తారు. వేలు దూరని సందులలోకి సైతం చేరి అంటుకొనే ఆ పూతయే తుప్పునుండి కాపాడే అసలు కవచం. దానిని సుమారు 170 డిగ్రీల వేడిలో కాలుస్తారు. ఆపైన ప్రైమరు, దానిమీద మనం మెచ్చుకొనే రంగు, అన్నిటికి పైన వర్ణం లేని పారదర్శకమైన పూత. ఈ నాలుగూ కలిపి సాధారణంగా 100 నుండి 150 మైక్రాన్లు ఉంటాయి. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. అంటే మీరు చదువుతున్న ఈ పుటకంటె అది కొద్దిగానే మందం. ఎండకూ వానకూ మనం ఆ మాత్రం పొరనే అడ్డం పెడుతున్నాము.

ఇంత జాగ్రత్తగా చేసిన పనిలోనూ లోపాలు దొరలుతాయి. పైపూత సమంగా పరచుకొనకపోతే ఉపరితలం నారింజతొక్క వలె గరుకుగా కనబడుతుంది. ఇది కొంతమేరకు దాదాపు ప్రతి కారులోనూ ఉండేదే. దానికోసం తగాదా పడటం వృథా. గాలిలోని రేణువు తడిరంగులో చిక్కితే నలుసు అవుతుంది. రేకుమీద నూనె గాని, సిలికోను గాని అణుమాత్రం మిగిలినా రంగు అక్కడనుండి పక్కకు తొలగి చేపకన్ను వంటి గుంట ఏర్పడుతుంది. ఎక్కువగా పడినచోట రంగు కన్నీటిచార వలె కారుతుంది. మెరుపురంగులలో ప్లాస్టిక్ బంపరు ఒక ఛాయలోను, దాని పక్కనున్న రేకు మరొక ఛాయలోను కనబడవచ్చు. ఇక సాలెగూటి వంటి సన్నని గీతల విషయంలో కర్మాగారాన్ని నిందించడం న్యాయం కాదు. షోరూంవారు మురికిగుడ్డతో తుడిచినప్పుడు ఏర్పడేవే వాటిలో అధికం.

ఈ సంగతులలో ఒక్కటీ నేను పుస్తకంలో చదివి నేర్చుకొన్నది కాదు. నా కారే నేర్పింది.

జూనియర్ కళాశాలలో ఇరవయ్యేళ్లు పాఠాలు చెప్పిన తరువాత, భవిష్యనిధిలోనుండి కొంత తీసి, బ్యాంకులో కొంత అప్పుచేసి, ముదురు నీలిరంగు కారు కొన్నాము. మూడవరోజు ఉదయం ఎండలో దానిని కడుగుతూ నా భార్య, "ఏమండీ, ఈ తలుపు ఒక్కటీ వేరే ఇంటినుండి వచ్చినట్లున్నదే" అన్నది. కుడివైపు వెనుకతలుపు అది. పక్కతలుపుతో పోలిస్తే దాని నీలం కొద్దిగా బరువుగా ఉన్నది. పిడికి కింద రెండు నలుసులు, అంచుదగ్గర కారి గడ్డకట్టిన ఒక చుక్క. ఎండలో నిలబడి చూస్తే తప్ప ఎవరికీ కనబడవు. ఒకసారి కనబడిన తరువాత మరేమీ కనబడదు.

షోరూంకు తీసుకొనివెళ్లాము. మేనేజరు చాల మర్యాదస్థుడు. కాఫీ తెప్పించాడు. "ఫ్యాక్టరీ నుండి ఇలా ఒక్కొక్కటి వస్తుంటుంది సార్. పాలిష్ పెడితే పోతుంది. మీరు కాఫీ తాగేలోపల అయిపోతుంది" అన్నాడు. ఆ తొందర నాకు నచ్చలేదు. రేపు వస్తానని చెప్పి బండిని నేరుగా విజయవాడ ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఒక మేస్త్రి వద్దకు తోలించాను. నలభై ఏళ్లుగా రంగుల మధ్య బ్రతుకుతున్న మనిషి. ఆయన కొడుకు ఒకప్పుడు నా విద్యార్థి.

మేస్త్రి కళ్లద్దాలు పెట్టుకొనలేదు. తలుపుమీద అరచేయి ఆనించి నెమ్మదిగా జరిపి, నలుసు దగ్గర ఆగాడు. "మాస్టారూ, ఇది ఫ్యాక్టరీ దుమ్ము కాదు. మా పేట దుమ్ము" అన్నాడు. తరువాత అద్దం చుట్టూ ఉన్న రబ్బరుపట్టీని గోటితో ఎత్తి చూపాడు. దాని మడతలో దారమంత నీలిగీత ఉన్నది. కర్మాగారంలో రబ్బరు బిగించేది రంగు ఆరిన తరువాత. రబ్బరుకు రంగు అంటుకొన్నదంటే, బిగించిన తరువాత ఎవరో రంగు కొట్టారన్నమాట. ఆయన వద్ద రంగు మందాన్ని కొలిచే చిన్న మీటరు ఉన్నది. ఇనుపరేకుకూ దాని మొనకూ మధ్య ఎంత ఎడమున్నదో అయస్కాంత బలాన్నిబట్టి లెక్కగట్టే సాధనం అది. ప్లాస్టిక్ మీద పనిచేయదు. మిగిలిన మూడు తలుపులమీద 110 నుండి 125 వరకు చూపింది. ఆ తలుపుమీద 270.

"దీన్ని సరిచేయడం కష్టమా?" అని అడిగాను.

"పది నిమిషాల పని. 2000 నెంబరు వాటర్ పేపరు తడిపి రుద్ది, పాలిష్ పెడితే అద్దంలా వస్తుంది. తియ్యమంటారా?" అని, జవాబుకోసం ఆగకుండ, "తీస్తే మాత్రం చూపించడానికి మీ దగ్గర ఏమీ మిగలదు" అన్నాడు.

మేనేజరు కాఫీలోని వేగం నాకు అప్పుడు అర్థమైంది.

ఇటువంటి తగవు లోకానికి కొత్త కాదు. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో 1990లో ఐరా గోర్ అనే వైద్యుడు నలభైవేల డాలర్లకు పైగా వెచ్చించి కొత్త బి.ఎం.డబ్ల్యు. కారు కొన్నాడు. సుమారు తొమ్మిది నెలల తరువాత, కారుకు మెరుగుపెట్టే ఒక దుకాణదారు అతని కారుకు మళ్లీ రంగు వేసినట్లు కనిపెట్టాడు. ఓడలో వచ్చేటప్పుడు ఆమ్లవర్షం వల్ల రంగు పాడైందని, సంస్థ మరల రంగువేయించి ఏమీ చెప్పకుండ అమ్మిందని తేలింది. మరమ్మతుకు అయిన ఖర్చు కారు ధరలో మూడు శాతానికి మించకపోతే కొనేవారికి చెప్పనక్కరలేదన్నది ఆ సంస్థ పెట్టుకొన్న నియమం. జ్యూరీ అతని నష్టాన్ని 4,000 డాలర్లుగా లెక్కించి, శిక్షగా మరి నలభై లక్షల డాలర్లు విధించింది. రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం దానిని ఇరవై లక్షలకు తగ్గించింది. అదీ మితిమీరినదేనని 1996లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చివరకు నిలిచింది 50,000. ఆ నలభై లక్షలను తలచుకొని నవ్వేవారున్నారు. నాకు మాత్రం ఆ మూడు శాతం నియమమే తలచుకోదగినదిగా తోస్తుంది. ఎంతవరకు దాచవచ్చునో ముందే లెక్కగట్టి ఉంచుకొన్నారు!

మన దేశంలో 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చి, 2020 జూలై నుండి అమలులోకి వచ్చింది. నాణ్యతలో ఏ కొరత ఉన్నా అది లోపమే. వస్తువు నాణ్యతను గురించి తెలుసుకోవడం కొనేవారి హక్కు. కొత్త చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు; అందుకు రెండేళ్ల గడువు ఉన్నది. అంతమాత్రాన తలుపు చెడితే కారంతా మార్చి ఇమ్మని అడగటం న్యాయం కాదు. ఒక భాగంలో లోపముంటే ఆ భాగాన్ని సరిచేయించడమో మార్పించడమో తగును గాని, మొత్తం వాహనాన్ని మార్చనవసరం లేదని 2006లో మన సుప్రీంకోర్టు ఒక కారు కేసులో చెప్పింది. నాకు అది సబబుగానే తోచింది.

అందుచేత ఉత్తరం వ్రాశాను. ఆవేశం లేకుండ వ్రాయడానికి మూడుసార్లు చింపవలసి వచ్చింది. నాలుగు తలుపుల కొలతలు, రబ్బరుపట్టీ ఛాయాచిత్రం, అప్పగించిన తేదీ, ఒకే ఒక ప్రశ్న: ఈ తలుపుకు మళ్లీ రంగు ఎప్పుడు, ఎందుకు వేశారు? రిజిస్టరు తపాలాలో పంపి రసీదు దాచుకొన్నాను.

పదవరోజున పిలుపు వచ్చింది. ఈసారి మేనేజరుతోపాటు ఆయన పై అధికారి కూడ ఉన్నాడు. నిజం తేలికగానే బయటపడింది. యార్డులో బండ్లు జరుపుతుండగా స్తంభానికి రాసుకొన్నది. దసరాకు అప్పగించవలసిన బండి కావడంతో రెండురోజులలో బయట రంగు వేయించారు. "ఆ జరిపిన పిల్లవాణ్ణి అప్పుడే పనిలోనుండి తీసివేశాం సార్" అని అధికారి నాకు ఊరట కలిగించే మాటగా చెప్పాడు. వాడి వయస్సు అడిగాను. పంధొమ్మిదట.

గీత పడటం ప్రమాదం. దానిని నాకు చెప్పకూడదనుకోవడం నిర్ణయం. ప్రమాదం చేసినవాడు ఇంటికి వెళ్లాడు. నిర్ణయం చేసినవారు చల్లని గదిలో నా ఎదుట కూర్చొని ఉన్నారు. ఆ మాట వారితో అన్నాను. ఆ పిల్లవాణ్ణి తిరిగి తీసుకొనమని కూడ అన్నాను. అది తమ లోపలి వ్యవహారమని అధికారి నవ్వుతూ మాట తప్పించాడు. ఆ పిల్లవాడి పేరు ఎంత అడిగినా చెప్పలేదు. నేను గెలిచానని మిత్రులు అంటుంటారు గాని, ఈ ఒక్కచోట నేను ఏమీ సాధించలేకపోయాను.

నాకు మాత్రం రెండు దారులు చూపారు. తలుపును పూర్తిగా గీకి మళ్లీ రంగు వేయించడం ఒకటి, నష్టపరిహారం మరొకటి. మేస్త్రిని సలహా అడిగాను. కర్మాగారంలో పైపూతను దాదాపు 140 డిగ్రీల వద్ద కాలుస్తారు. అప్పటికి కారులో అద్దాలు, వైర్లు, ప్లాస్టిక్ సామాను ఉండవు. అన్నీ బిగించిన బండిని 60 డిగ్రీలకు మించి వేడిచేయడం ప్రమాదం. కనుక బయట వాడేది గట్టిపరచే ద్రవం కలిపిన వేరే జాతి రంగు. మంచిదే, కాని అది కాదు. "ఉన్నదాన్ని గీకితే కింది కవచం కూడ లేచిపోవచ్చు. బాగున్న రేకును బాధపెట్టకండి" అన్నాడు. ఆయన మాట విని, తలుపును ఉన్నదున్నట్లు ఉంచుకొన్నాను. 25,000 రూపాయల పరిహారం, ఆ తలుపుకు తుప్పుపడితే తామే మార్చి ఇస్తామన్న హామీ, జరిగినదంతా ఒప్పుకొంటూ సంతకంతో ఒక పత్రం ఇచ్చారు. పత్రం ఇవ్వడానికే వారు ఎక్కువ తటపటాయించారు. డబ్బు ముందే బల్లమీద ఉన్నది.

ఆ మరునాడు మేస్త్రి పది నిమిషాలలో నలుసులు తీసివేశాడు. కూలి తీసుకొనలేదు.

ఆ పత్రం ఇప్పుడు కారు కాగితాలతోపాటు బీరువాలో ఉన్నది. మొన్న భీమా రసీదు కోసం వెదుకుతుంటే అది నా భార్య చేతికి వచ్చింది. బండి అమ్మేరోజున దీనిని కొనేవారికి చూపించాలి కదా అన్నాను.

"చూపిస్తే ధర తగ్గించరూ?" అన్నది.

"తగ్గిస్తారు" అన్నాను. ఆమె ఆ పత్రాన్ని మడతపెట్టి, రిజిస్ట్రేషన్ కాగితాల పైన పెట్టింది.