ఖర్చులు పుట్టడమేంటి అయ్యగారూ?



మా మందిరం వసారాలో సాయంత్రం పూట పిల్లలకు కాస్త ఇంగ్లీషు చెబుతుంటామని మీలో చాలామందికి తెలుసు. మేమేమీ పెద్ద చదువులు చదివినవాళ్లం కాదు. వచ్చినంతవరకు చెబుతాం, రానిది డిక్షనరీ చూసి చెబుతాం. పోయిన నెల నర్సింగులో సీటు వచ్చిన ఒక అమ్మాయి కాలేజీ వాళ్లు పంపిన ఉత్తరం పట్టుకొచ్చింది. ఒక వాక్యం మీద వేలు పెట్టి అడిగింది.

"అయ్యగారూ, హాస్టలు ఖర్చులు పుట్టడమేంటి? ఎక్స్‌పెన్సెస్ విల్ బి బోర్న్ బై ద క్యాండిడేట్ అంట. ఖర్చుల్ని నేను కనాలా?"

వసారా అంతా ఒకటే నవ్వు. మేమూ నవ్వాం. "చివర 'ఈ' అనే అక్షరం ఉంది చూడమ్మా, అది వేరే బోర్న్" అన్నాం. ఆ రాత్రి డిక్షనరీ తీసి చూస్తే తెలిసింది, అది వేరే మాట కాదు. రెండూ ఒక తల్లి బిడ్డలే.

ఇంగ్లీషులో బేర్ అనే క్రియ ఉంది. మోయడం, భరించడం, కనడం, కాయ కాయడం, ఇన్నిటికీ అదొక్కటే మాట. దాని రెండో రూపం బోర్, మూడో రూపం బోర్న్. ఈ మూడో రూపాన్ని రెండు విధాలుగా రాస్తారు. పలకడం మాత్రం ఒకటే. పుట్టాడు, పుట్టింది అని చెప్పేటప్పుడు చివరి అక్షరం ఉండదు. మోయడం, భరించడం గురించైతే ఉంటుంది. మర్నాడు బోర్డు మీద ఇలా రాశాం.

ఐ వాజ్ బోర్న్ ఇన్ 2007. ఇది పుట్టుక, చివరి అక్షరం లేదు.

ద కాస్ట్ వాజ్ బోర్న్ బై మై ఫాదర్. ఖర్చు నాన్న భరించాడు, అక్షరం ఉంది.

ద ట్రీ హాజ్ బోర్న్ ఫ్రూట్. చెట్టు కాసింది, అక్షరం ఉంది.

మలేరియా ఈజ్ ఎ మస్కిటో బోర్న్ డిసీజ్. దోమ మోసుకొచ్చే జబ్బు, అక్షరం ఉంది.

ఇక్కడ ఒక చిక్కుంది. షి హాజ్ బోర్న్ ఫోర్ చిల్డ్రన్, అంటే ఆమె నలుగురిని కన్నది. పుట్టుక సంగతే అయినా ఇక్కడ చివరి అక్షరం రాయాలి. కనడం అనే పని తల్లి చేసిందని చెప్పేటప్పుడు అక్షరం వస్తుంది. బిడ్డ పుట్టాడు అని బిడ్డ వైపు నుంచి చెబితే పోతుంది.

మన పిల్లలు ఎక్కువగా చేసే తప్పు ఇంకొకటి, ఐ బోర్న్ ఇన్ ఫలానా ఊరు అనడం. కొందరు ఐ యామ్ బోర్న్ అంటారు. ఐ వాజ్ బోర్న్ అనాలి. తప్పు ఎందుకొస్తుందంటే, తెలుగులో "నేను పుట్టాను" అంటాం. తిన్నాను, వచ్చాను అన్నట్టే పుట్టాను, అంతా మనమే చేసినట్టు. ఇంగ్లీషులో అలా కుదరదు. ఆ వాజ్ అనే చిన్న మాట, ఆ పని నీది కాదు, నిన్ను ఎవరో కన్నారు అని గుర్తు చేస్తుంది. బైబిలు ట్రైనింగుకు వెళ్లిన మొదటి రోజు మేమూ లేచి నిలబడి ఐ బోర్న్ అనే మొదలుపెట్టాం. "నిన్ను నువ్వే కన్నావా?" అని మాస్టారు అడిగితే క్లాసంతా నవ్వింది. సిగ్గుతో తల దించుకున్నాం గానీ ఆ ప్రశ్నకు జవాబు అప్పుడు ఆలోచించలేదు.

మూడేళ్ల క్రితం అమ్మ జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేయాలన్నారు. ఆస్పత్రిలో ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. అందులో ఇదే మాట, ఖర్చులన్నీ తీసుకొచ్చినవాళ్లే భరించాలని, చివరి అక్షరంతో సహా. మేము ముగ్గురు అన్నదమ్ములం. పెన్ను ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోయింది. ఎవరెంత పెట్టాలి, పొలం ఎవరికి ఎక్కువొచ్చింది, పెళ్లికి ఎవరు అప్పు చేశారు అని వరండాలో లెక్కలు మొదలయ్యాయి. తలుపు తెరిచే ఉందని చూసుకోలేదు. లోపలినుంచి అమ్మ గొంతు వినబడింది. "ఆపరేషన్ వద్దులే నాయనా, ఇంటికి తీసుకుపొండి."

వరినాట్లు వేస్తుండగా నొప్పులొస్తే గట్టు మీదికొచ్చి మమ్మల్ని కన్న మనిషి ఆమె. ప్రతి ఆదివారం వాక్యం చెప్పేవాళ్లం, ఆ రోజు మాట రాలేదు. సంతకం పెట్టాం. ఆపరేషన్ అయింది. ఆ డబ్బు ఇంకా తీరుస్తూనే ఉన్నాం, కానీ అమ్మ ఆ మాట అన్నది మాత్రం తీర్చలేకపోతున్నాం.

కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిలు ఉన్నవాళ్లు తీసి చూడండి. లూకా 2లో ప్రభువు పుట్టాడని చెప్పేచోట ఆ అక్షరం ఉండదు. యెషయా 53లో మన దుఃఖాలు మోశాడని చెప్పేచోట ఉంటుంది. పుట్టినవాడే మోశాడు, మాటా ఒకటే.

ఇంకో సంగతి. సంస్కృతానికీ గ్రీకు, లాటిను భాషలకూ మూలం ఒకటే అయి ఉండాలని 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ అన్నారు. ఇంగ్లీషు కూడా ఆ కుటుంబంలోదే. సంస్కృతం నుంచి మనకొచ్చిన భరించు, భారం, భర్త అనే మాటలూ, ఇంగ్లీషు బేర్, బర్డెన్, బర్త్ అనే మాటలూ ఒకే వేరునుంచి వచ్చాయని భాషా పండితులు చెబుతారు. మన పెద్దవాళ్లు ఏ పండితుడినీ అడగకుండానే "నవమాసాలు మోసి కన్నది" అని రెండూ కలిపి అన్నారు.

ఇప్పుడు అమ్మ నడవలేదు. పొద్దున్నే మా ఇంటావిడ ఒక రెక్క, మేమొక రెక్క పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్తాం. ఎంత తేలికైపోయిందో. "బరువుగా ఉన్నానా నాయనా" అని అడుగుతుంది.

ఆ అమ్మాయి కాలేజీకి వెళ్లేముందు రోజు నోటుబుక్కు తెచ్చి చూపించింది. హాస్టలు డబ్బు కోసం వాళ్లమ్మ పాడిగేదెను అమ్మిందని ఊరందరికీ తెలుసు. నోటుబుక్కులో ఇలా రాసుకుంది: ద ఎక్స్‌పెన్సెస్ ఆర్ బోర్న్ బై మై మదర్.

"చివరి అక్షరం ఉండాలి కదా అయ్యగారూ?"

"ఉండాలమ్మా" అన్నాం.

ప్రియులారా, అమ్మ ఉన్నవాళ్లు ఈ పూట ఒకసారి పలకరించండి. దేవుడు మిమ్మల్ని దీవించును గాక.