రెండు వేళ్లు, ఒక్క మెట్టు



నంద్యాలలో ముప్పై ఏళ్లకు పైగా వైద్యం చేసిన కాలంలో, మణికట్టు విరిగి వచ్చిన ప్రతి రోగికీ నేను చెప్పిన మాట ఒకటే: "కట్టులో ఉన్నా సరే, వేళ్లు ఆడిస్తూ ఉండండి." రెండేళ్ల క్రితం తడి నేల మీద జారిపడి నా ఎడమ మణికట్టు విరిగినప్పుడు ఆ మాటను పాటించనిది నేనే. ఆరు వారాల తరువాత కట్టు విప్పితే పిడికిలి బిగియలేదు. చొక్కా గుండీలు నా భార్య పెట్టవలసి వచ్చింది.

ఫిజియోథెరపీలో పిసకమన్న రబ్బరు బంతి నాలుగు రోజులకే విసుగెత్తింది. మనవడు వదిలి వెళ్లిన గిటారును అప్పుడు చేతిలోకి తీసుకున్నాను. వాడు వీడియోలో నేర్పిన మొదటి పాఠం, జాజ్ సంగీతంలో తరచుగా వినిపించే 'టూ-ఫైవ్-వన్' వరుస: డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్ సెవెన్. 'సి'ని షడ్జమనుకుంటే ఈ మూడు కార్డుల స్వరాలన్నీ మన శంకరాభరణంలోనివే. రిషభం నుండి పంచమం మీదుగా షడ్జానికి చేరడమే దాని నడక.

కార్డు మారిన ప్రతిసారీ నేను చేయంతా ఎత్తి మళ్లీ పెట్టేవాణ్ణి. పది నిమిషాలకే మణికట్టు సలిపేది. "తాతా, అన్నీ ఎత్తకు. రెండు స్వరాలు చాలు" అన్నాడు మనవడు. నాలుగో తీగ మూడో మెట్టుపై మధ్యమం, మూడో తీగ ఐదో మెట్టుపై షడ్జం. ఇది మొదటి కార్డు. షడ్జాన్ని ఒక్క మెట్టు దించితే నిషాదం పలికి రెండోది వస్తుంది. ఆపై మధ్యమాన్ని ఒక్క మెట్టు దించితే గాంధారం పలికి మూడోది వస్తుంది. ప్రతి మార్పులోనూ ఒక స్వరమే కదులుతుంది, రెండోది ఉన్నచోటనే ఉంటుంది.

ఆ వారంలోనే ఆళ్లగడ్డ వెళ్లి, నా పాత రోగి అయిన ఒక శిల్పి వద్ద కూర్చున్నాను. విగ్రహానికి కన్ను చెక్కుతున్నాడు. "ఇక్కడ ఉలి కదలవలసినంతే కదలాల సార్, ఎక్కువైతే తిరిగి అతికించలేం" అన్నాడు. మనవడి పాఠమే మరొకసారి విన్నట్టయింది.

జాజ్ గిటారులో మహానుభావుడైన జాంగో రైన్‌హార్ట్ ఎడమచేతి చివరి రెండు వేళ్లు 1928లో అగ్నిప్రమాదంలో దెబ్బతిన్నాయి. ఆయన తన స్వరగతులను ముఖ్యంగా మిగిలిన రెండు వేళ్లతోనే పలికించాడు.

మీకు నా మనవి: గిటారు చికిత్సకు బదులు కాదు. అది నన్ను రోజూ వేళ్లు కదిలించేలా చేసింది, అంతే. పది నిమిషాలతో మొదలుపెట్టండి. నొప్పి వస్తే ఆపండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతుంటే వైద్యుణ్ణి కలవండి. మధుమేహం వల్ల స్పర్శ తగ్గినవారు తీగల వల్ల వేలికొనలకు పుండ్లు పడకుండా రోజూ చూసుకోండి.

నా పిడికిలి నేటికీ పూర్తిగా బిగియదు. గుండీలు మాత్రం నేనే పెట్టుకుంటున్నాను.